కూలిన ఇంటి కలప

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు కూల్చి చూడు అని వారు అనలేదు. వారి కాలంలో ఇల్లు ముసలిదై తనంత తాను కూలవలసిందే గాని, కూల్చడమే ఒక వ్యాపారం కాలేదు. దేశ రాజధానిలో నేడు అది పెద్ద వ్యాపారం. అందులో ప్రభుత్వం పాత్ర చిన్నది కాదు.

2020 నవంబరు 23వ తేదీన డాక్టర్ బిశంభర్ దాస్ మార్గంలో పార్లమెంటు సభ్యుల కోసం నిర్మించిన 76 ఫ్లాట్లను ప్రధానమంత్రి నరేంద్ర మోడీ ప్రారంభించారు. ఎనభై ఏళ్ళు పైబడిన ఎనిమిది బంగళాలను తొలగించి, ఆ స్థలంలో గంగ, యమున, సరస్వతి అనే మూడు గోపురాలు లేపారు. 2025 ఆగస్టు 11న బాబా ఖరక్ సింగ్ మార్గంలో మరి 184 ఫ్లాట్లు ప్రారంభమయ్యాయి. వాటి గోపురాల పేర్లు కృష్ణా, గోదావరి, కోసి, హుగ్లీ. మన రెండు నదులు ఏ ట్రిబ్యునలు ప్రమేయమూ లేకుండా పక్కపక్కన నిలబడిన చోటు దేశంలో ఇదొక్కటేనేమో!

మొదటి ఫ్లాట్ల ప్రారంభ సందర్భంగా వెలువడిన అధికార ప్రకటనలో ఒక మాట ఈ విలేఖరిని ఆకర్షించింది. నిర్మాణంలో మల్బాతో చేసిన ఇటుకలను వాడినట్లు అందులో సగర్వంగా చెప్పారు. మల్బా అంటే శిథిలం. ఢిల్లీ వీధుల్లో పుట్టిన ఆ మాట సర్కారు కాగితాలకు కూడా ఎక్కింది. పాత ఇటుకను పొడిచేసి కొత్త ఇటుకగా మార్చడం మెచ్చదగిన పనే. దేశంలో ఇందుకోసం నెలకొల్పిన మొదటి కర్మాగారం ఈ నగరంలోనే, బురారీలో, 2009లో పని ప్రారంభించింది. ఇనుము సంగతి చెప్పనక్కరలేదు. కూల్చినవాడి చెయ్యి ముందుగా పోయేది దానిమీదికే. ఇటుకకు, ఇనుముకు ఒక లెక్క ఉన్నది. ఇంటికి ముఖము, చెవులు, కన్నులు అయిన కలప సంగతేమిటి? ఆ తలుపులు, ఆ ద్వారబంధాలు, ఆ కిటికీ రెక్కలు ఎవరి చేతికి పోతాయి?

ఈ ప్రశ్నకు సమాధానం నాకు పార్లమెంటు గ్రంథాలయంలో దొరకలేదు. యమునకు ఆవలి ఒడ్డున, ఒక సహకార గృహ సంఘంలో, కింది అంతస్తు ఫ్లాటు వెనుక దొరికింది. రాజ్యసభ సచివాలయంలో జీవితమంతా గడిపి రిటైరైన మిత్రులొకరు అక్కడ ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గల జాగాలో వడ్రంగం చేస్తారు. గోదావరి డెల్టా మనిషి. కులవృత్తి కాదు, బతుకుతెరువూ కాదు. సభా కార్యక్రమాలకు సంబంధించిన కాగితాలను ముప్ఫై ఏళ్ళు దిద్దిన చేతికి విశ్రాంతి దొరకగానే ఉలి పట్టాలని బుద్ధిపుట్టింది. ఆయన కొత్త కలప కొనరు. కొత్త కలప నమ్మదగింది కాదని ఆయన వాదం. సరిగా ఆరని పలకతో చేసిన బల్ల ఒక్క ఢిల్లీ వేసవి గడిచేసరికి అప్పడంలా మెలి తిరుగుతుందంటారు. కూలిన ఇళ్ళ కలపనే ఏరి తెచ్చుకుంటారు. అది అరవై డెబ్బై ఎండలు, అన్ని వానలు చూసి ఉన్నది. వంగవలసినదేదో ఎప్పుడో వంగిపోయి ఉన్నది.

ఆయన పని చూడడం ఒక విద్య. కొనుక్కొచ్చిన ద్వారబంధం మీద ముందు రంపం పెట్టరు. మొదట అయస్కాంతం పెడతారు. గట్టి అయస్కాంతాన్ని దారానికి కట్టి కొయ్య పొడవునా నెమ్మదిగా జరుపుతారు. దారం పక్కకు గుంజిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెడతారు. పైకి ఏమీ కనిపించదు. రంగుపొరల కింద, తుప్పుపట్టి, తల ఊడిపోయి, పూర్వమెవరో కొట్టిన మేకు ఉంటుంది. "ఏమండీ, మేకు మింగిన కొయ్యను, హామీ మింగిన మంత్రిని పైకి చూసి పోల్చలేం" అంటారాయన. ఆయన పరిహాసాలన్నీ పాత ఉద్యోగం నుండి తెచ్చుకున్నవే. తల ఉన్న మేకును వెనుకనుండి కొట్టి, ముందునుండి పట్టుకారుతో లాగుతారు. తల లేనిదాని చుట్టూ సన్నగా తొలిచి తీస్తారు. ఒక్క మేకు మిగిలిపోయినా చిత్రిక పళ్ళెం మీద పన్ను విరిగినట్లే. యంత్రపు రంపానికి తగిలితే మనిషికే ప్రమాదం. ఆరున్నర అడుగుల కొయ్యను శుభ్రం చేయడానికి ఒక మధ్యాహ్నమంతా పడుతుంది. కింది భాగం, నేలలో దిగినంతమేర, చెమ్మకు మెత్తబడి ఉంటుంది. అది కోసి పారేయాలి. అంచున మిగిలిన తెల్లకర్రను చెదలు తిని ఉంటాయి. బందులు బిగించిన చోట్ల స్క్రూల రంధ్రాలు. చివరకు చేవగల కొయ్య నాలుగడుగులు దక్కితే ఆనాటికి లాభమే.

రంగు సంగతి మరొకటి. పాత తలుపుల మీద ఎనామిల్ రంగు ఏడెనిమిది పొరలు ఉంటుంది. పూర్వపు రంగులలో సీసం విరివిగా కలిపేవారు. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలలో 90 భాగాలకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు పూసినదంతా అనుమానాస్పదమే. ఆ రంగును ఎండుగా గరుకు కాగితంతో రుద్దితే సీసం ధూళియై ఊపిరిలోకి పోతుంది. మంట చూపి కాల్చితే పొగై పోతుంది. ముఖ్యంగా పిల్లలకు అది విషం. మిత్రుడు తడిపి, గోకుడు కత్తితో పొరలుగా తీసి, ఆ చెత్తను మూటకట్టి వేరుగా ఉంచుతారు. మనుమలు వచ్చిన వారంలో రంగు పని ముట్టరు. కాని ఆ తలుపును గోడ నుండి గునపంతో పెకలించిన కూలికి, ఆ ధూళినంతా మొదట పీల్చినవానికి, ముఖానికి కట్టుకున్న తువ్వాలు తప్ప వేరే రక్షణ లేదు.

రంగంతా పోయి, చిత్రిక నాలుగు పట్లు పట్టిన తరువాత బయటపడే దృశ్యం కోసమే ఆయన ఈ శ్రమంతా పడతారు. తేనెరంగు చేవ, దగ్గర దగ్గరగా నడిచే సన్నని చారలు, నూనె కలిసిన తోలువంటి వాసన. బర్మా టేకు అంటారాయన. పాత ఇమారతి సామాను అమ్మేవాడికి మంచి కలపంతా బర్మాయే గనుక ఈ మాటను కొంత తగ్గించి వినాలి. 1950లనాటి సర్కారీ క్వార్టర్లలో దేవదారు, సాలు కూడా కనిపిస్తాయి. అయినా ఆనాడు నాకు ఆయన చూపిన ముక్క టేకే. అది బర్మాదే అయితే, దాని వెనుక ఒక రాజ్యం కూలిన కథ ఉన్నది.

1885లో బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే ఇంగ్లీషు కంపెనీ ఎగువ బర్మా అడవులనుండి ఒప్పందానికి మించి టేకు తరలించిందని థీబా రాజు దర్బారు ఆరోపించి, ఇరవై లక్షల రూపాయలకు పైబడిన జరిమానా విధించింది. బ్రిటిషువారికి కావలసిన సాకు దొరికింది. ఆ నవంబరులో దండెత్తి, నెల తిరగకముందే మాండలే పట్టుకుని, రాజును సముద్రం దాటించి చివరకు రత్నగిరిలో బంధించారు. మరుసటి జనవరి 1న బర్మాను తమ రాజ్యంలో కలుపుకున్నారు. ఆ అడవులలో టేకును కొట్టే పద్ధతి కూడా వినదగినది. చెట్టు మొదట బెరడును, దాని కింది తెల్లకర్రను చుట్టూ గాడిగా కోసి, నిలువునా చంపి, రెండు మూడేళ్ళు అలాగే ఎండనిచ్చేవారు. పచ్చి టేకు నీట మునుగుతుంది. ఎండినదే తేలుతుంది. పిమ్మట నరికి, ఏనుగులతో వాగుకు ఈడ్పించి, వరద వచ్చినప్పుడు తెప్పలుగా ఐరావతీ నదిలో రంగూనుకు వదిలేవారు.

రంగూను రేవులో ఎవరున్నారు? మనవారున్నారు. కాకినాడ, విశాఖపట్నం రేవులనుండి ఓడ ఎక్కిన తెలుగు కూలీలు అక్కడి ఓడరేవులో, ధాన్యపు మిల్లులలో, రంపపు మిల్లులలో బరువు పనులు చేశారు. కోరంగి రేవు పేరిట వారికి కోరంగీలని పేరు. 1930 మే నెలలో రేవు కూలీలు కూలి హెచ్చింపు కోరి సమ్మె చేస్తే, వారి స్థానంలో బర్మా కూలీలను దింపారు. సమ్మె ముగిసి మనవారు తిరిగి పనికి వచ్చేసరికి కొట్లాట రేగి నగరమంతా పాకింది. తెలుగు కూలీలు పెక్కుమంది హతులయ్యారు. ఢిల్లీ గడపలకు బిగించిన కొయ్య ఏదైనా కోరంగి భుజం మీదుగా ఓడ ఎక్కి ఉండడం అసంభవం కాదు. ఈ మాట అన్నప్పుడు మిత్రుడు చిత్రిక ఆపి, ఆ కొయ్యను ఒకసారి చేత్తో తడిమి, తిరిగి పనిలో పడ్డారు. ఆయన మేనత్త భర్త రంగూను వెళ్ళి తిరిగి రాలేదు.

మయన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుండి దుంగల ఎగుమతిని నిషేధించింది. మన దేశంలో సహజారణ్యాల కోత 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో చాలావరకు నిలిచింది. నేడు మనం కొనే టేకు అధికభాగం ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటలలో పాతికేళ్ళకో ముప్ఫై ఏళ్ళకో కొట్టినది. కనుక వందేళ్ళ చెట్టు చేవ ఇక అడవిలో దొరకదు, కూలే ఇళ్ళలోనే దొరుకుతుంది. తమిళనాడులోని చెట్టినాడు సీమలో ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. బర్మాలో వడ్డీవ్యాపారంతో గడించిన చెట్టియార్లు కట్టిన మహాభవనాలను విప్పి, స్తంభం స్తంభంగా, తలుపు తలుపుగా కారైకుడి వీధులలో అమ్ముతున్నారు.

ఢిల్లీలో కూలే ఇళ్ళకు కొదవ లేదు. 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గం సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ మొదలుగా ఏడు ప్రభుత్వోద్యోగుల కాలనీల పునర్నిర్మాణానికి ఆమోదం తెలిపింది. ఉన్న 12,970 ఇళ్ళు తీసి సుమారు 25,667 ఇళ్ళు కట్టాలని, 32,835 కోట్ల రూపాయలు వ్యయమవుతుందని అంచనా. 2018లో ఆ కాలనీల వేలాది చెట్లను కొట్టబోతే పౌరులు చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు, ఢిల్లీ హైకోర్టు కోతను ఆపింది. అది ప్రజల విజయం. అయితే ఆ పన్నెండు వేల పైచిలుకు ఇళ్ళలో, ఇంటికి కనీసం నాలుగైదు తలుపులు, అన్నే కిటికీలుగా నిలబడివున్న మరొక అడవి సంగతి ఆ ఆందోళనలో ప్రధానాంశం కాలేదు. నిలిచిన చెట్టుకు న్యాయవాది దొరికాడు. తలుపుగా మారిన చెట్టుకు దొరకలేదు.

కలపను గుర్తించే భాష ప్రభుత్వానికి లేదనడానికి వీలులేదు. కేంద్ర ప్రజాపనుల శాఖ వారి ఢిల్లీ రేట్ల పట్టికలో కూల్చివేతకు ఒక ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. తలుపులు, కిటికీలు విప్పినప్పుడు పనికివచ్చే సామగ్రిని 50 మీటర్ల దూరంలోపు పేర్చాలని, పనికిరానిదానిని తొలగించాలని అందులో స్పష్టంగా రాసి ఉన్నది. ఈ 'పనికివచ్చే సామగ్రి' అనే మాటలో పాతకాలపు ఇంజనీరు పొదుపు, వివేకం రెండూ కనిపిస్తాయి. దీనికి పక్కనే 2016నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలను పెట్టి చూడండి. రోజుకు 20 టన్నులు, లేదా ఒక పథకంలో నెలకు 300 టన్నులు పైబడి వ్యర్థం వెలువరించేవారు దానిని నాలుగు పాయలుగా వేరుచేయాలని అవి నిర్దేశించాయి. కాంక్రీటు ఒకటి, మట్టి ఒకటి, ఇటుక-సున్నం ఒకటి. నాలుగవ పాయలో ఉక్కు, కలప, ప్లాస్టిక్కు! వందేళ్ళ టేకును, పగిలిన ప్లాస్టిక్కు గొట్టాన్ని ఒకే కుప్పలో వేయమన్న శాసనకర్త ఉలి పట్టినవాడు కాదని తెలుస్తూనే ఉన్నది. 2026 ఏప్రిల్ 1వ తేదీని అమలు తేదీగా నిర్ణయించి 2025లో ప్రకటించిన కొత్త నియమాలు నిర్మాతలపై బాధ్యత మోపినవి గాని, ఆ బాధ్యత ముఖ్యంగా 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవారిది. రెండు వందల గజాలలో ఉన్న పాత ఇల్లు కూల్చి నాలుగంతస్తులు లేపే బిల్డరు ఆ లెక్కకు అందడు. ఢిల్లీ కాలనీలలో వీధివీధినా జరుగుతున్నది ఆ కూల్చివేతే.

మరొక విచిత్రం. అడవులను కాపాడే ఉద్దేశంతో కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన కట్టడాలలో కలప వాడకాన్ని నిషేధించింది. పర్యావరణ శాఖ సూచనపై 2020లో ఆ నిషేధం తొలగింది. 2023 మే 28న ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనానికి నాగపూరు నుండి టేకు తెప్పించారు. కొత్త కలపను గుమ్మం దగ్గరే ఆపిన ఆ 27 సంవత్సరాలు పాత కలపను లోనికి పిలవడానికి సరియైన అదను. అది జారిపోయింది. గ్యాలరీలో కూర్చున్న ఇన్నేళ్ళలో కూల్చివేత ధూళిమీద ప్రశ్నలు, కాలుష్యం మీద వాగ్వాదాలు ఎన్నో విన్నాను. పనికివచ్చే సామగ్రి గురించి ఒక సభ్యుడు లేచి అడిగిన జ్ఞాపకం లేదు.

ఇంగ్లీషులో సాల్వేజ్ అని ఒక మాట ఉన్నది. మునిగే ఓడ నుండి సరుకును కాపాడినవానికి దక్కవలసిన ప్రతిఫలం దాని మొదటి అర్థం. కాపాడినవాడికి హక్కు పుడుతుందన్నది అందులోని న్యాయం. ఢిల్లీలో కలపను కాపాడుతున్నవాడు మల్బా ఠేకేదారు. పాత ఇల్లు మంచిదైతే కూల్చినందుకు అతడు కూలి పుచ్చుకోడు, యజమానికే ఎదురిచ్చి ఇంటిని గుత్తకు తీసుకుంటాడు. పైకప్పు దూలాలు, ద్వారబంధాలు, ఇనుప జాలీలు, చివరకు గచ్చులోని రాతిపలకలు విడివిడిగా అమ్ముడుపోతాయి. నియమావళి అతడిని చూడదు. కాని నియమావళి చేయలేని పనిని అతడే చేస్తున్నాడు.

అతని సరుకు చేరేది నగరం చివర, పాత ఇమారతి సామాను అని బోర్డు కట్టిన దుకాణాలకు. గత శీతకాలంలో ఒక ఆదివారం మిత్రునితోపాటు అలాంటి దుకాణానికి వెళ్ళాను. తలుపులు పుస్తకాలవలె నిలువుగా ఆనించి ఉన్నవి. మిత్రుని వంటివారు అక్కడ పదిమందిలో ఒకరు. మిగిలిన తొమ్మిదిమంది అనధికార కాలనీలో ఒక గది వేసుకుంటున్నవారు, గుడిసెకు తలుపు కావలసినవారు. ముచ్చటకు కొనేవాడు, గూటికి కొనేవాడు ఒకే తలుపు ముందు నిలబడతారు. దుకాణదారుకు ఇద్దరి బూట్లూ చూసి ధర చెప్పడం తెలుసు. పెద్దయింటి అలంకరణకు పాత కలప వాడడం ఫ్యాషన్ అయిన కొద్దీ ఆ ధర రెండోవానికి అందకుండా పోతున్నదని దుకాణదారే చెప్పాడు.

గూటికి కొన్నవాని తలుపుకు మరొక గండం ఉన్నది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజరు కూల్చివేతలపై తీర్పునిస్తూ, పదిహేను రోజుల ముందస్తు నోటీసు లేనిదే ఇల్లు కూల్చరాదన్నది. పదిహేను రోజులలో మనిషి న్యాయస్థానానికి పోవచ్చును. పోలేకపోయినా స్క్రూలు విప్పి తలుపు తీసుకోవచ్చును. అయితే రోడ్డు, కాలిబాట, రైలు పట్టాల పక్క, నది ఒడ్డు వంటి బహిరంగ స్థలాలలోని అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు. ఢిల్లీ గుడిసెలు ఎన్నో సరిగ్గా అక్కడే ఉన్నవి. అక్కడ బుల్డోజరు వచ్చినప్పుడు తలుపు విప్పే వ్యవధి ఉండదు. రెండవసారి బతికిన కలప మూడవసారికి చీలికలై పొయ్యిలోకి పోతుంది.

ప్రభుత్వం చేయదగింది కష్టమైనది కాదు. నియమాలలో కలపకు ప్లాస్టిక్కునుండి విడాకులిచ్చి వేరే పాయ ఏర్పరచాలి. సర్కారీ కాలనీలు కూలేచోట, ఆ 50 మీటర్లలో పేర్చిన పనికివచ్చే సామగ్రిని లక్షల లెక్క వేలంలో ఒకే గుత్తకు ఇవ్వక, కొంతభాగమైనా ఒక్కొక్క తలుపుగా, నిర్ణీత ధరకు, ఒక్క ఇంటివాడికి అమ్మాలి. ఇందుకు కొత్త కమిషను అక్కరలేదు. ఒక గుమాస్తా, ఒక రసీదు పుస్తకం చాలును.

ఆ ఆదివారం మిత్రుడు కోరి ఎంచుకున్నది ఒక పలకల తలుపు. నిలువు కమ్మీలు రెండంగుళాల మందం. దానిని కోసి రాతబల్ల చేయాలని ఆయన సంకల్పం. బేరం కుదిరేవేళకు ఒకామె వచ్చింది. చేతిలో ముడులు వేసిన నవారు తాడు. ఆ ముడుల మధ్య దూరమే ఆమె గుమ్మం కొలత. నాలుగు తలుపులకు పట్టి చూసి, ఈ తలుపు దగ్గర ఆగింది. సరిగ్గా సరిపోయింది. గడియ పడుతుందా అని అడిగింది. దుకాణదారు మిత్రుని వైపు చూశాడు. ఆయనకు చెప్పిన ధర అప్పటికే ఎక్కువ.

మిత్రుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనైతే దీన్ని కోసేవాణ్ణి, వారికి తలుపే కావాలి గదండీ" అని నాతో తెలుగులో అని, విరిగిన వెంటిలేటరు చట్రాలు రెండు ఏరుకుని లెక్క చెల్లించారు. తరువాత ఆమె తలుపు దగ్గరకు పోయి, కింది బందు రంధ్రం పెద్దదై స్క్రూ పట్టడం లేదని చూపించారు. నేలమీది టేకు చీలిక ఒకటి తీసుకుని, జేబుకత్తితో చెక్కి, రంధ్రంలో కొట్టి, పైన మిగిలింది కోసి, "ఇప్పుడు బిగించు బేటీ, పడుతుంది" అన్నారు. కాగితంలో చుట్టిన నాలుగు పాత స్క్రూలు ఆమె చేతిలో పెట్టారు. ఆమె తలుపును రిక్షాబండిపై ఎక్కించి, జారకుండా అదే నవారు తాడుతో కట్టి, బండి వెంట నడుచుకుంటూ వెళ్ళింది.